పనుల రద్దీలో పిలుపు

బడులు, ఆసుపత్రులు, పద్దుల మధ్య అసలు పని మరుగున పడిందన్న కార్యదర్శిని ఆయన మిషనే తఖత్‌పూర్‌కు పంపింది. అక్కడ గడిచిన 17 ఏళ్లు క్రైస్తవ సేవకుల ముందు ఉంచిన ప్రశ్నకు ఇప్పటికీ కాలదోషం పట్టలేదు.

బిలాస్‌పూర్‌లో రైలు దిగి ముంగేలీ రోడ్డు పట్టుకుంటే సుమారు 30 కిలోమీటర్ల దూరంలో తఖత్‌పూర్ వస్తుంది. మనియారీ నది ఒడ్డున, వరి పొలాల మధ్య ఉన్న చిన్న పట్టణం. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్‌కు 2003 నుంచి ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్ తెలుగువారికి కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడున్నాయి. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తవడంతో ఛత్తీస్‌గఢ్ ఉత్తరాంధ్రకు మరింత దగ్గరైంది. తఖత్‌పూర్ మాత్రం వారిలో చాలామందికి దారిలో కనిపించే బోర్డు. అదే ఊరు పేరు అమెరికాలోనో, కొరియాలోనో మిషన్ చరిత్ర చదువుకునే వేదాంత విద్యార్థికి తెలిసే అవకాశం ఉంది.

అందుకు కారణం డొనాల్డ్ మెక్‌గావ్రన్. 1897లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో పుట్టిన ఈ అమెరికన్ మిషనరీ సుమారు 17 ఏళ్లు తఖత్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో పనిచేశారు. ఇక్కడి అనుభవంతో ఆయన రాసిన 'ద బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్' (1955) ప్రపంచవ్యాప్తంగా మిషన్ల ఆలోచననే మలుపు తిప్పింది. అయితే ఆయన్ను ఈ ఊరికి తెచ్చిన ప్రశ్న పెద్ద సిద్ధాంతమేమీ కాదు. పాస్టరు, బడి పంతులు, నర్సు, కరస్పాండెంటు ఎవరైనా రాత్రి పడుకునే ముందు తమను తాము అడుగుకోగలిగినదే. దేనికోసం పిలుపు అందుకున్నామో ఆ పని ఇవాళ ఎంత చేశాం?

లెక్కలు చూసిన కార్యదర్శి

డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషన్ మధ్య భారతంలో అడుగుపెట్టింది 1882లో. మొదట హర్దా, ఆ తరువాత బిలాస్‌పూర్, ముంగేలీ. కాలక్రమంలో బడులు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి, కుష్ఠు రోగుల ఆశ్రమం వచ్చింది. బిలాస్‌పూర్‌లోని బర్జెస్ మెమోరియల్ బాలికల పాఠశాల, జాక్‌మన్ మెమోరియల్ ఆసుపత్రి ఆ మిషన్ కట్టినవే.

1932లో మెక్‌గావ్రన్ ఆ మిషన్‌కు కార్యదర్శి, కోశాధికారి అయ్యారు. పద్దులన్నీ ఆయన బల్ల మీదికొచ్చాయి. దాదాపు 80 మంది మిషనరీలు, ఐదు ఆసుపత్రులు, అనేక పాఠశాలలు. ఇంత యంత్రాంగం అర్ధ శతాబ్దం పనిచేశాక ఉన్నవి 20, 30 చిన్న సంఘాలు. వాటిలోనూ ఎదుగుదల లేదు.

అదే సమయంలో మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో భారత దేశంలోని సామూహిక క్రైస్తవ ఉద్యమాలపై అధ్యయనాన్ని ప్రచురించారు. దానిని చదివిన మెక్‌గావ్రన్ మధ్య భారతంలోనూ అలాంటి పరిశీలనే జరగాలని పట్టుబట్టి, పికెట్‌తో కలిసి తిరిగారు. 145 మిషన్ ప్రాంతాల లెక్కలు తీస్తే 1921-31 మధ్య 134 చోట్ల సంఘాలు పెరిగింది పదేళ్లలో సుమారు 12 శాతమే. మిగిలిన 11 చోట్ల రెట్టింపు, అంతకంటే ఎక్కువ. మనుషులు వారే, దేశం అదే. తేడా ఎక్కడుంది?

మిషనరీలు సోమరులు కారు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పనిచేసేవారే. మెక్‌గావ్రన్‌ను కలవరపెట్టిందీ అదే. వారి రోజును మింగేస్తున్నది దురలవాటు కాదు, మంచి పని. హాస్టల్ బియ్యం, టీచర్ల జీతాలు, కట్టడాల మరమ్మతు, విరాళాలిచ్చేవారికి నివేదికలు. వీటిలో ఏదీ వదిలేయదగ్గది కాదు. అన్నీ చేసేసరికి పొద్దు గుంకుతుంది. పల్లెకు వెళ్లడం రేపటికి వాయిదా పడుతుంది.

ఈ మాట పదే పదే అంటున్న మనిషిని సహచరులు మళ్లీ కార్యదర్శిగా ఎన్నుకోలేదు. అంటున్న పనేదో చేసి చూపమన్నట్టుగా తఖత్‌పూర్‌కు పంపారు. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 1936లో డాక్టరేటు అందుకున్న వ్యక్తి, నలభయ్యో పడిలో అడుగుపెడుతూ పల్లెబాట పట్టారు.

సత్‌నామీల మధ్య

తఖత్‌పూర్ పల్లెల్లో ఆయన ముఖ్యంగా మసలింది సత్‌నామీలతో. గురు ఘాసీదాస్ (1756-1850) బోధనలతో విగ్రహారాధనను, కుల పెత్తనాన్ని తోసిపుచ్చి 'సత్‌నామ్' అన్న ఒక్క పేరునే కొలిచిన దళిత సముదాయం అది. ఇలాంటి ప్రజలు ఏసు మాట సులభంగా వింటారన్న ఆశ మిషన్లలో అప్పటికే పాతది. 1868లో జర్మన్ సంతతి మిషనరీ ఆస్కార్ లోర్ రాయపూర్ ప్రాంతంలో బిశ్రాంపూర్‌ను నెలకొల్పింది ఆ ఆశతోనే. సముదాయమంతా కదిలివస్తుందనుకున్నారు. రాలేదు.

1935 అక్టోబరులో యేవలాలో అంబేడ్కర్ తాను హిందువుగా మరణించబోనని ప్రకటించాక ఆ ఆశ మళ్లీ చిగురించింది. మెక్‌గావ్రన్ తఖత్‌పూర్ చేరింది ఆ వాతావరణంలో. ఆయన లెక్క సూటిగానే ఉంది. మనుషుల్ని ఒక్కొక్కరినే బంధువుల నుంచి విడదీసి మిషన్ కాంపౌండులోకి తెస్తే వారు ఒంటరివారవుతారు, సంఘం పెరగదు. కుటుంబాలు, బంధువర్గాలు తమలో తాము మాట్లాడుకుని, కలిసి నిర్ణయించుకుని, తమ ఊళ్లోనే ఉంటూ విశ్వాసంలోకి రావాలి. బంధుత్వాలే వంతెనలు. ఆయన పుస్తకం పేరు అక్కడి నుంచి వచ్చిందే.

పదిహేడేళ్లలో దాదాపు వెయ్యి మంది బాప్తిస్మం పొందారు. పల్లెల్లో 15 చిన్న సంఘాలు వెలిశాయి. సువార్తలు ఛత్తీస్‌గఢీలోకి వచ్చాయి. ఏ పాస్టరుకైనా ఇది తృప్తినిచ్చే లెక్కే. కానీ ఆయన కోరుకున్నది ఇది కాదు. సత్‌నామీ సముదాయం కదిలివస్తుందన్న ఆశ లోర్ కాలంలో లాగే ఈసారీ నెరవేరలేదు. తన కొలబద్దతో తననే కొలుచుకుంటే తఖత్‌పూర్ ఆయనకు ఓ మోస్తరు ఫలితమే.

అయినా ఆయన ప్రశ్నను వదల్లేదు. 1953లో కొన్ని వారాలు అడవి ప్రాంతంలో విడిది చేసి పుస్తకం రాశారు. 1954లో భారత దేశం విడిచారు. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో కొత్తగా మొదలైన ప్రపంచ మిషన్ విద్యాలయానికి తొలి డీన్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 67. 1990లో మరణించేదాకా సంఘ వృద్ధి గురించే మాట్లాడారు.

ఒంగోలు చెప్పే మరో పాఠం

పికెట్ అధ్యయనానికి ఎక్కువ ముడిసరుకు అందించిన ప్రాంతాల్లో తెలుగు జిల్లాలున్నాయి. తఖత్‌పూర్‌లో మెక్‌గావ్రన్ ఆశించి పొందలేనిది తెలుగు నేల మీద అంతకు 60 ఏళ్ల ముందే జరిగింది. అయితే అది జరిగిన తీరు ఆయన సూత్రానికి పూర్తిగా ఒదగదు.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. నెల్లూరు కేంద్రంగా ఏళ్ల తరబడి పనిచేసినా చేరినవారు వేళ్ల మీద లెక్కించేంత మంది. మూసేయాలా వద్దా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1853 నాటి చర్చలో ఎవరో దానిని పటంలో ఒంటరి నక్షత్రమన్నారు. 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు స్థిరపడింది. మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఓ కొండెక్కి ప్రార్థించారు. కింద కనిపిస్తున్న స్థలంలో మిషన్ బంగళా కడితే ఎలా ఉంటుందని జ్యూయెట్ అడిగారట. అప్పటికి డబ్బు లేదు, మనుషులు లేరు, మిషన్ నిలుస్తుందన్న భరోసా లేదు. జె.ఇ. క్లౌ ఒంగోలు వచ్చింది మరో 12 ఏళ్లకు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

క్లౌ వచ్చీరాగానే చిక్కులో పడ్డారు. తోలు వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెల్లో కదలిక మొదలైంది. మరోవైపు ఆయన బడికి పిల్లల్ని పంపుతున్న అగ్రవర్ణాల పెద్దలు అభ్యంతరం చెప్పారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. పట్టణంలో పలుకుబడి, బడి, పెద్దల అండ ఒకవైపు. ఊరి బయట బతుకుతున్న జనం మరోవైపు. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో, ఒకరికొకరు చెప్పుకోకుండానే బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని క్లౌ కుటుంబం చెప్పుకున్న కథ. అది పిలుపు గురించిన భాగమే. పిలుపు అందుకున్నవారిలో లోకం దృష్టిలో గొప్పవారు ఎక్కువమంది లేరని, ఎన్నిక లేనివారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు అక్కడ చెబుతాడు. క్లౌ తేల్చుకున్నారు. పెద్దల పిల్లలు బడి మానేశారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో ఒకేసారి 28 మంది బాప్తిస్మం పొందారు.

అసలు పరీక్ష పదేళ్లకు వచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ సువార్త పని పక్కనపెట్టి కాంట్రాక్టరు అవతారమెత్తారు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం పనికి ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని వేలాది మందికి కూలి ఇప్పించారు. ప్రసంగాలు చేసే బోధకులు మేస్త్రీలయ్యారు. కొలతలు, హాజరు పట్టీలు, కూలి డబ్బుల పంపకం. మెక్‌గావ్రన్ కళ్లతో చూస్తే ఇంతకు మించిన దారి మళ్లింపు ఉండదు.

పైగా క్లౌ మరో కఠిన నిర్ణయం తీసుకున్నారు. కరువు సాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వబోమన్నారు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆశతో వచ్చినవారు ఆశ తీరాక పోతారని ఆయన భయం. ఏడాదికి పైగా, అడిగినవారిని అడిగినట్టే వెనక్కి పంపారు. సహాయ పనులు ముగిశాక కూడా జనం వెళ్లలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. ఆ డిసెంబరు చివరికి చేరినవారు 9 వేలు దాటారు.

కాలువ గట్టున పక్కపక్కనే మట్టి మోసినప్పుడు ఏర్పడిన నమ్మకమే ఈ కదలికకు ఒక ముఖ్య కారణం. దారి మళ్లింపులా కనిపించింది దారే అయింది. అలాగని ఏ పనైనా సేవే అని సరిపెట్టుకోవడానికి ఈ కథ వీలివ్వదు. క్లౌ కాంట్రాక్టు తీసుకున్నారు కానీ కాంట్రాక్టరుగా మిగిలిపోలేదు. పని దేనికోసమో మరవలేదు. కరువు తీరాక కాలువ గట్టు దిగారు.

మార్త ఇల్లు, ముంగేలీ ఆసుపత్రి

ఇంట్లో పనులతో సతమతమవుతున్న మార్త, ఏసు పాదాల చెంత కూర్చున్న మరియ కథ లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది. ప్రసంగాల్లో తరచూ మార్తకు తిట్లు, మరియకు పొగడ్తలు దక్కుతాయి. కానీ ఏసు తప్పుపట్టింది వంటను కాదు, అనేక విషయాల మీదికి చెదిరిన మనసును. అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు భోజనాలు పంచడంలో తగవులొస్తే శిష్యులు ఆ పనిని రద్దు చేయలేదు. ఏడుగురిని ఎంపిక చేసి అప్పగించి, తాము ప్రార్థన, బోధలకు పరిమితమయ్యారు. పని విలువైనదే. అయితే ఎవరి పని ఏదో తేలాలి.

తఖత్‌పూర్ పొరుగున ఉన్న ముంగేలీయే ఇందుకు నిదర్శనం. అదే మిషన్‌కు చెందిన కంటి వైద్యుడు విక్టర్ రాంబో 1920ల నుంచి 1947లో వెల్లూరు వెళ్లేదాకా అక్కడి ఆసుపత్రిలో పనిచేశారు. ఆసుపత్రికి రాలేని పేదల కోసం ఆపరేషన్లనే పల్లెలకు తీసుకెళ్లారు. ఆ నేత్ర శిబిరాల పద్ధతి తరువాత దేశంలో చాలాచోట్లకు పాకింది. రాంబోకు శుక్లం తీయడం సువార్త పనికి అడ్డంకి కాదు, అదే ఆయన పిలుపు. ఒకరికి దారి మళ్లింపుగా తోచే పని మరొకరికి జీవితకాల సేవ అవుతుంది. మెక్‌గావ్రన్ రాసినది చదివి ఆసుపత్రులూ బడులూ అనవసరమని తీర్మానించినవారు ముంగేలీని మరచిపోయారు.

ఆయన మీద వచ్చిన పెద్ద విమర్శ కూడా ఈ ఏకాగ్రతకు సంబంధించిందే. జాతి, భాష, వర్గ హద్దులు దాటాల్సిన అవసరం లేకుండా క్రైస్తవులు కావడానికే మనుషులు ఇష్టపడతారని ఆయన 1970 నాటి గ్రంథం 'అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్' వాదించింది. సంఖ్య పెరగడానికి ఇది దగ్గరి దారే. మరి కులాన్ని సంఘంలోకి వెంటబెట్టుకొచ్చే దారి కూడా ఇదే కాదా అని విమర్శకులు నిలదీశారు. కులానికో చర్చి, కులానికో శ్మశానం చూసిన తెలుగు క్రైస్తవులకు ఆ ప్రశ్నలోని పదును తెలుసు. ఒంగోలులో క్లౌ దంపతులు ఎదుర్కొన్న సందిగ్ధం ఇంకో రూపంలో తిరిగొచ్చినట్టే. సంఖ్య మీదే చూపు నిలిపితే అది కూడా పిలుపు నుంచి తప్పించే పరధ్యానం కాగలదు.

చట్టం, సర్టిఫికెట్, సెల్‌ఫోన్

ఛత్తీస్‌గఢ్‌లో ఈ చర్చకు మరో బరువుంది. మెక్‌గావ్రన్ దేశం విడిచిన 1954లోనే అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం మిషనరీల కార్యకలాపాలపై జస్టిస్ భవానీశంకర్ నియోగి కమిటీని వేసింది. 1956లో అది తీవ్ర విమర్శలతో నివేదిక ఇచ్చింది. 1968లో బలవంతం, ప్రలోభం, మోసంతో జరిగే మత మార్పిడిని నేరం చేస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది. దాన్ని సవాలు చేసిన రెవరెండ్ స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీం కోర్టు చట్టాన్ని సమర్థించింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కులో ఇతరులను మార్చే హక్కు ఇమిడి లేదని తేల్చింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. ఆ రాష్ట్రంలో 2011 జనగణన ప్రకారం క్రైస్తవులు 1.92 శాతం.

ప్రలోభం అన్న పదం చట్టంలోకి రాకముందే ధాత కరువులో క్లౌ దాన్ని తనకు తాను అన్వయించుకున్నారు. సాయాన్నీ బాప్తిస్మాన్నీ వేరుచేయడం ఆయన కోర్టుకు భయపడి చేసింది కాదు. పిలుపు మీద ధ్యాస ఉన్నవారికి ఆ జాగ్రత్త భారం కాదని దానివల్ల తెలుస్తుంది.

సత్‌నామీ క్రైస్తవుడి మీద మరో ఒత్తిడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. అంటే బాప్తిస్మం రిజిస్టరులో పేరెక్కితే పిల్లవాడి స్కాలర్‌షిప్, ఉద్యోగంలో రిజర్వేషన్ ప్రశ్నార్థకమవుతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాలదీ ఇదే అవస్థ. ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో మరో పేరు. ఆదివారం ఒకచోట, దరఖాస్తులో మరోచోట. ఏకమనసుతో ఉండమని ఇలాంటి కుటుంబానికి బోధించే ముందు, దాని మనసును రెండుగా చీలుస్తున్నదేమిటో బోధకుడు చూడాలి.

వీటితో పోలిస్తే సెల్‌ఫోన్ చిన్న బెడదే. అయినా ఈ తరం సేవకుడి రోజును కొరుక్కుతింటున్నది అదే. ప్రార్థనకు కూర్చుంటే వాట్సాప్ గ్రూపులో ఎక్కడో చర్చి మీద దాడి జరిగిందన్న వీడియో వస్తుంది. నిజమో కాదో తెలియదు. దాన్ని పది మందికి పంపి, వచ్చిన జవాబులకు జవాబులిచ్చేసరికి గంట గడుస్తుంది. తరువాత ఆస్తి పన్ను, ప్రహరీ వివాదం, కమిటీ ఎన్నికల తగవులు. సాయంత్రానికి, జబ్బుతో ఉన్న ముసలమ్మ ఇంటికి వెళ్లాలన్న మాట గుర్తుకొస్తుంది. 1932లో మెక్‌గావ్రన్ బల్ల మీదున్న పద్దులకు, ఇప్పటి పాస్టరు చేతిలోని తెరకు తేడా సరుకులోనే.

దోర్నకల్‌లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య (1912-45) దీనికి ఒక విరుగుడు చూపారు. సువార్త చెప్పడం జీతగాడి పని మాత్రమే కాదని, బాప్తిస్మం పొందిన ప్రతి కూలీ, ప్రతి గృహిణీ సాక్షులేనని ఆయన నేర్పారు. బాప్తిస్మం పొందినవారు తలపై చేయి పెట్టుకుని ఆ మాట స్వయంగా పలికేవారు. పొలంలో నాట్లేస్తూ చేయగలిగే పని కాబట్టి, నాట్లు దానికి అడ్డు కాలేదు. పిలుపును కాంపౌండు లోపలి ఒక్కడి భుజాల మీద మోపితే అతడి తీరికే సంఘం పరిమితి అవుతుంది. నలుగురూ పంచుకుంటే ఒకరి పని ఒత్తిడికి అది ఆగదు.

మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. తెలుగు బైబిల్‌లో మాత్రం ఆశకు వాడిన మాటే అది. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి ఆ రెండర్థాల మధ్య పెద్ద తేడా కనిపించదు. రైలు వస్తుందన్న నమ్మకం లేకపోతే ఎవరూ నిలబడరు. జ్యూయెట్ 12 ఏళ్లు నిలబడితే ఒంగోలుకు క్లౌ వచ్చారు. మెక్‌గావ్రన్ 17 ఏళ్లు నిలబడినా తఖత్‌పూర్‌కు ఆయన అనుకున్న రైలు రాలేదు. వచ్చినవి 15 చిన్న సంఘాలు. ఆయన గణాంకాల్లో అవి చిన్న అంకె. ఆ పల్లెల్లో తమ సొంత భాషలో సువార్త విన్న కుటుంబాలకు మాత్రం ఆ 17 ఏళ్లలో వృథా అయిన రోజంటూ లేదు.